తోక లేని మాట

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి
గ్రిమ్స్‌బీ చేపల రేవు వెనక, లైబ్రరీ మేడ మీద,
హీటర్ ఒక పక్కే వేడెక్కే గదిలోకి
పదకొండు మంది వస్తారు.
చేతులు రెండుసార్లు కడుక్కునే వస్తారు.
అయినా కాడ్ చేప వాసన
వాళ్ళకంటే ముందే మెట్లెక్కుతుంది.

బోర్డు మీద రెండు గళ్ళు గీస్తాను.
ఎడమవైపు విశేషణం, పేరు తరఫు చుట్టం.
ఎలాంటి కత్తి? పదునైన కత్తి.
కుడివైపు క్రియావిశేషణం, పని తరఫు చుట్టం.
ఎలా కోసింది? చకచకా కోసింది.
'వెనక లీ అనే తోక కనిపిస్తే
కుడి దొడ్లోకి తోలెయ్యండి' అంటాను,
గొర్రెల కాపరులతో చెప్పినట్టు.

హబ్తోమ్ నిజంగానే గొర్రెలు కాశాడు, కెరెన్ కొండల్లో.
'మరి ఫ్రెండ్లీకి తోకుంది కదా టీచర్,
అది ఎడమ దొడ్లో ఎందుకుంది?'
నేను తడుముకుంటుంటే తనే చెప్పాడు:
మేకకీ తోకుంటుంది, గొర్రెకీ ఉంటుంది.
ఉందా అని కాదు,
నిక్కిందా వేలాడిందా అని చూడాలట.
మర్నాడు దాన్నే నా సొంత మాటలా
పగటి క్లాసులో వాడుకున్నాను.

చేప కంపు కొడుతోందని రాయమంటే
ఒకరు కాదు, నలుగురు
బ్యాడ్‌కి లీ తగిలించారు.
అలా రాస్తే చేపకి జలుబు చేసిందని,
పాపం దాని ముక్కు సరిగా పనిచెయ్యట్లేదని అర్థం.
ఆ వారమంతా ప్యాకింగ్ లైన్లో
ఎవరో ఒకరు చేపలకి
చేతిరుమాలు అందిస్తూనే ఉన్నారట.

వీల్మాంతె సూపర్‌వైజర్ పనికి దరఖాస్తు తెచ్చింది.
కష్టపడి పనిచేశానని చెప్పాలి.
హార్డ్ అంటే చాలు.
పాఠం శ్రద్ధగా విన్న మనిషి కదా,
తోక మరవకుండా హార్డ్‌లీ అని రాసింది.
పంతొమ్మిది చలికాలాలు,
మంచుగడ్డల మధ్య మొద్దుబారిన వేళ్ళు,
ఎడమ బొటనవేలి మీద ఏడు కుట్లు,
అన్నీ కలిపి
'పని చేసీ చెయ్యనట్టు చేశాను' అయి కూర్చుంది.

ఇంకుతో రాసింది.
ఆ తోకని సన్నగా కొట్టేశాను.
చాలాసేపు కాగితం వంక చూసి
'పోయినేడు కూడా ఇలాగే రాశాను' అంది.
'అందుకేనా?'

నా దగ్గర జవాబు లేదు.
హీటర్ టిక్కుటిక్కుమంది.

ఇంటికెళ్తుంటే బడి మలుపులో, రోడ్డు మీద
మనిషి పొడుగు తెల్లక్షరాలు: స్లో.
తోక లేదు.
కౌన్సిల్ వాళ్ళకి రంగు చాల్లేదేమో.
అయినా అందరూ మెల్లగానే పోతున్నారు.

మా నాన్న ట్రాలర్ మీద ఇంజిన్ మనిషి.
ఒడ్డున ఉన్న నాలుగు పొద్దులూ
నేను బడికి బయల్దేరుతుంటే గడపలో నిలబడి
'గో కేర్‌ఫుల్' అనేవాడు.
తొమ్మిదేళ్ళప్పుడు,
కొత్తగా అబ్బిన చదువు గీరతో
'కేర్‌ఫుల్లీ అనాలి నాన్నా' అన్నాను.
చెవులదాకా ఎర్రబడ్డాడు.
నూనె మరకల చేతులు రెండూ
ఎందుకో వెనక్కి పెట్టుకున్నాడు.
ఆ తర్వాత నాతో ఆ మాట అనలేదు,
ఊరికే చెయ్యి ఊపేవాడు.

యాభై ఏడేళ్ళ తర్వాత
తెల్లక్షరాల పక్కన కారాపుకుని
ఆ చిన్న వాక్యాన్ని విడదీస్తున్నాను.
తోకుంటే అది వెళ్ళడం తరఫు చుట్టం,
అడుగులకీ దారికీ సంబంధించింది.
తోక లేకపోతే
వెళ్తున్న మనిషి తరఫుది.

నా నడక సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.
జాగ్రత్తగా వెళ్ళమనీ అనలేదు.
వెళ్ళు. జాగ్రత్త.
అంతే అన్నాడు.

వెనక కారువాడు హారన్ కొట్టాడు, కటువుగా.
అది మాత్రం కుడి దొడ్లోకే.